కింది వాడ మీదుగా వెళ్లే నీళ్లు

అకాబా,
మార్చి 1996

చెల్లి నిబాల్‌కి,

నీకు శాంతి, దేవుని దయ. ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ మీ మునిసిపాలిటీ ఆఫీసులో ఫోన్ మోగితే కాఫీ ఇచ్చేవాడి దగ్గర్నుంచి మేయరు దాకా అందరూ చెవులు రిక్కిస్తారు. అందుకే ఈ ఉత్తరం.

మన ఊరి కొండ మీద నేనూ నా భాగస్వామి షాహెరూ కడుతున్న నాలుగు భవనాలకీ పైకప్పులు పడ్డాయి. ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లు ఎవరో నీకు తెలుసు. బడి పంతుళ్లు, సైన్యంలోంచి దిగిపోయిన సార్జెంట్లు, ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు. ఆ నర్సు ప్రతి శుక్రవారం వచ్చి, ఇంకా తలుపు పెట్టని గుమ్మంలో నిలబడి, పొయ్యి ఏ మూల పెట్టుకోవాలో చూసుకుని వెళ్తుందట. మా మేస్త్రీ చెప్పాడు.

ఇక అసలు సంగతి. మీ ఆఫీసు నుంచి షాహెర్‌కి కాగితం వచ్చింది. మంచినీళ్ల కనెక్షన్‌కీ, మురుగు కనెక్షన్‌కీ ఫీజు భవనానికి ఒకటి కాదట, ఫ్లాటుకి ఒకటి చొప్పున కట్టాలట. కింద నీ సంతకం చూసి ముందు గర్వపడ్డాను. ఐన్ సిద్రలో మొదటి ఆడ ఇంజనీరు మా చెల్లెలే అని అకాబా రేవులో చెప్పుకోని రోజు లేదు. తర్వాత పైన ఉన్న అంకె చూసి కుర్చీలో కూలబడ్డాను.

భవనానికి ఒక్కటే గొట్టం కదమ్మా నేలలోకి దిగేది! పైన ఎన్ని కుటుంబాలుంటే గొట్టానికేం తెలుసు? ఒక భవనం, ఒక గొట్టం, ఒక ఫీజు అని మార్చి రాసి పంపు. నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు, కొంచెం దయగా లెక్క కట్టమంటున్నాను.

ఫిద్దా అత్తకి నా సలాములు. ఎండబెట్టిన పెరుగు ఉండలు ఇంకో సంచీ పంపమని చెప్పు. ఇక్కడ దొరికేది సున్నంలా ఉంటోంది.

నీ అన్న,
ధియాబ్

*

ఐన్ సిద్ర,
మార్చి 1996

అన్నయ్యకి,

నీ ఉత్తరం టాక్సీలో వచ్చింది. డ్రైవరు దాన్ని నా బల్ల మీద పెట్టి, "మీ అన్నకి ఫీజు తగ్గించాలట కదా" అన్నాడు. నువ్వు ఫోనే చేసుంటే కాస్త గుట్టుగా ఉండేది.

పైన ఎన్ని కుటుంబాలుంటే గొట్టానికేం తెలుసు అన్నావు. గొట్టానికి తెలిసేది అదొక్కటే అన్నయ్యా. కొండ మీద నుంచి దిగే మురుగు గొట్టం ఎటు పోతుందో నీకు గుర్తుందా? మసీదు వెనక నుంచి కింది వాడలోకి దిగి, ఫిద్దా అత్త వాకిలి పక్కగా లోయలోకి వెళ్తుంది. దాన్ని వేసినప్పుడు కొండ మీద మేకలు తప్ప ఎవరూ లేరు. కింది వాడ వరకే సరిపోయే సన్న గొట్టం. ఇప్పుడే గట్టి వాన పడితే అత్త వాకిట్లో కాలవ ఉబుకుతుంది. నీ నాలుగు భవనాల వాళ్లూ పొద్దున్నే లేచి స్నానాలు చేస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. నువ్వు కట్టేవాడివి.

మంచినీళ్ల సంగతీ అంతే. మనకి వారానికి ఒక్కరోజే నీళ్లు. ఇప్పుడున్న పంపుకి ఆ ఎత్తు ఎక్కే ఓపిక లేదు, పెద్దది కావాలి. ఆ పంపుకీ, వాడ చుట్టూ తిప్పి వేసే కొత్త పెద్ద గొట్టానికీ పెట్టడానికే ఈ ఫీజు. ఎవరి జేబులోకీ పోదు. నువ్వు కట్టకపోతే, ఎప్పుడూ పైకి వెళ్లి స్నానం చెయ్యని కింది వాడ వాళ్లు కట్టాలి. డబ్బుతో కాకపోతే వాళ్ల వాకిళ్లతో.

అత్తకి నీ సలాములు చెప్పాను, నువ్వడిగింది కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, "మూడో అంతస్తు వాళ్ల స్నానం నీళ్లు నా వంటింట్లోకి వస్తే, సబ్బు కూడా వాణ్నే కొనివ్వమను" అంది. పెరుగు ఉండల సంచీ మాత్రం ఇచ్చింది. పంపుతున్నాను.

నీ చెల్లెలు,
నిబాల్

*

అకాబా,
ఏప్రిల్ 1996

మునిసిపాలిటీ నీటి, మురుగు విభాగం ఇంజనీరు నిబాల్ గారికి,

తమరి జవాబు అందింది. ధన్యవాదాలు.

గొట్టం గురించి తమరు చెప్పిందంతా నిజమే అనుకుందాం. అయితే గొట్టమే వద్దు. కొండ మీదే భవనానికో గుంట తవ్వుకుంటాం, నిండితే ట్యాంకరు పిలిచి తోడిస్తాం. సగం దేశం అలాగే బతుకుతోంది. దానికి తమరి సంతకం అక్కర్లేదనుకుంటాను.

ఒక మాట చెప్పక తప్పదు. నాన్న పోయాక నేను బడి మానేసి సిమెంటు మోశాను. నిన్ను ఇర్బిద్‌లో యూనివర్సిటీకి పంపాను. ఎప్పుడూ దాన్ని గుర్తు చెయ్యలేదు. ఇవాళ చేస్తున్నాను. షాహెర్ నవ్వుతున్నాడు, "పరాయివాళ్లయితే లంచం ఇచ్చి ఒప్పించేవాళ్లం, సొంత చెల్లెల్ని ఎలా ఒప్పిస్తాం?" అంటున్నాడు. వాడు మేయరు అబూ హాకిమ్‌ని కలవబోతున్నాడు. నేను ఆపను.

కాంట్రాక్టరు ధియాబ్

*

ఐన్ సిద్ర,
మే 1996

గౌరవనీయులైన కాంట్రాక్టరు ధియాబ్ గారికి,

తమరు సిమెంటు మోసిన సంగతి గుర్తు చెయ్యనవసరం లేదు. నేను మరచిపోయిన రోజు లేదు. తమరు మోసిన ఆ బస్తాలతోనే నేను గొట్టాల లెక్క నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ లెక్కే తప్పు చెప్పమంటే ఎలా?

గుంటలు కుదరవు. ఆ కొండంతా సున్నపురాయి. పైన పోసింది ఏదైనా పగుళ్లలోంచి దిగి, మన ఊటలో తేలుతుంది. మన ఊరి పేరులో ఐన్ అంటే ఆ ఊటే. ఇప్పటికీ కింది వాడ పిల్లలు అక్కడే తాగుతారు.

ఇక గారూ తమరూ చాలు. చెయ్యి నొప్పెడుతోంది. ఏం జరిగిందో చెబుతాను విను అన్నయ్యా.

షాహెర్ మేయర్ని కలిశాడు. కొత్త కట్టడాలన్నిటికీ ఫీజు తగ్గిస్తే ఊరు పెరుగుతుందని మేయరుకి తోచింది. నేను కాగితాలు పట్టుకుని వెళ్తే, "అమ్మాయీ, కాగితం మీద ఏ వాకిలైనా మునుగుతుంది" అన్నాడు. సరే, కాగితం వద్దు అనుకున్నాను. ఫిద్దా అత్త ఇంట్లో భోజనం అని మేయర్నీ, కౌన్సిల్ పెద్దల్నీ పిలిచాను. అత్త వండే మన్సఫ్ అంటే ఈ ఊళ్లో కాదనేవాడు లేడు కదా. అందరూ వచ్చారు. అన్నం మీద మాంసం, పెరుగు పులుసు, చేతులు కడుక్కోవడం అన్నీ అయ్యాయి. వాకిట్లో కుర్చీలేసి సేజ్ ఆకు టీ ఇచ్చాం.

సరిగ్గా అప్పుడే కొండ మీద, మసీదు వెనక మ్యాన్‌హోల్‌లోకి నేను బాడుగకి తెచ్చిన ట్యాంకర్లు నీళ్లు వదిలాయి. నీ నాలుగు భవనాల్లో ఒక పొద్దుటి పూట వాడేటన్ని నీళ్లు, అంతకు చుక్క ఎక్కువ లేదు. అందులో హానిలేని ఆకుపచ్చ రంగు కలిపించాను.

టీ గ్లాసులు సగం అయ్యేసరికి వాకిట్లో కాలవ గుడగుడమంది. తర్వాత మూత లేచింది. ఆకుపచ్చ నీళ్లు కుర్చీల కాళ్ల దాకా వచ్చాయి. పెద్దమనుషులంతా అంగీలు ఎత్తి పట్టుకుని మెట్ల మీదికి ఎక్కారు. అత్త కుర్చీలోంచి కదల్లేదు. పాదాలు నీళ్లలో ఉంచుకునే టీ తాగుతూ అంది:

"అబూ హాకిమ్, ఇవి వట్టి నీళ్లు. రేపు ఇందులో ఏముంటుందో నీకు తెలుసు. అప్పుడు కూడా టీకి వస్తావా?"

ఆయన మెట్ల మీద నుంచి తన కాళ్ల వైపు చూసుకున్నాడు. బూట్లు పాడయ్యాయి పాపం. వెళ్తూ వెళ్తూ, గొట్టంలో ఏదో అడ్డం పడి ఉంటుంది, శుభ్రం చేయించండి అన్నాడు.

నీ చెల్లెలు,
నిబాల్

*

అకాబా,
జూన్ 1996

నిబాల్,

ఫీజు తగ్గింపు ఉత్తర్వు వచ్చింది. భవనానికి ఒకటే. షాహెర్ ఇక్కడ అందరికీ కునాఫా మిఠాయి పంచాడు. నేనూ తిన్నాను. తీపిగానే ఉంది కానీ రెండో ముక్క తీసుకోలేదు.

నీ ఆకుపచ్చ నీళ్ల కథ నీ ఉత్తరం కంటే ముందే అకాబా చేరింది. టాక్సీ డ్రైవర్లు చెప్పుకుంటున్నారు. ఒకడి కథలో మేయరు మోకాళ్ల దాకా మునిగాడు, ఇంకొకడి కథలో ఈదుకుంటూ బయటపడ్డాడు. నేను కోపంగా ఉండాలనుకుంటూనే నవ్వాను. మా రేవులో పెద్ద ఇంజనీరు ఒకాయన విని, ఆ అమ్మాయి ఎవరో తెలుసా అని అడిగాడు. తెలియదన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

పోనీ, అయిందేదో అయింది. నువ్వు చెప్పాల్సింది చెప్పావు, వాళ్లు చెయ్యాల్సింది చేశారు. మన మధ్య ఇది ఇంతటితో వదిలేద్దాం. ఆఫీసులో అంతా మామూలేనా? ఉత్తర్వు మీద నీ సంతకం లేదని షాహెర్ అన్నాడు. వేరే ఎవరో పెట్టారట.

ధియాబ్

*

ఐన్ సిద్ర,
జులై 1996

అన్నయ్యకి,

వదిలేద్దామన్నావు, వదిలేశాను.

ఆఫీసులో అంతా బాగానే ఉంది. నా బల్ల కాస్త మారింది, కిటికీ పక్కకి వచ్చింది. గాలి బాగా వస్తుంది. ఈ మధ్య గన్నేరు మొక్కల గురించి చాలా నేర్చుకున్నాను. నీళ్లు తక్కువైనా బతికే మొక్క అని తెలుసు కానీ ఇంత మొండిదని తెలియదు. బస్టాండు దగ్గర కూడలిలో కొన్ని నాటించాం. నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను.

నీ ఫ్లాట్ల నర్సు పేరు హనాన్. నాకు పరిచయమైంది. వంటింటి గోడకి పసుపు రంగు వేయించాలా, తెలుపు వేయించాలా అని నన్నడిగింది. పసుపు అన్నాను. మంచి ఇల్లు కట్టావు అన్నయ్యా. కిటికీలు తూర్పుకి పెట్టావు, మెట్లు ముసలివాళ్లు ఎక్కేలా ఉన్నాయి. అది నీకు ఎవరూ నేర్పలేదు. నాకు గర్వంగా ఉంది, నిజంగా.

నీ చెల్లెలు,
నిబాల్

*

అకాబా,
సెప్టెంబరు 1996

నా చెల్లి నిబాల్‌కి,

నేను ఊరికి వచ్చి వెళ్లాను. నీకు తెలియదు. ఆ రోజు నువ్వు మొక్కల కోసం జరష్ వెళ్లావట. గన్నేరు మొక్కల కోసం. యూనివర్సిటీలో చదివిన గొట్టాల ఇంజనీర్ని తోటల విభాగంలో వేశారని నాకు చెప్పాలనిపించలేదా నీకు? బల్ల కిటికీ పక్కకి వచ్చిందట! ఫిద్దా అత్త చెప్పింది, అది కిటికీ కాదట, మొక్కలు పెట్టే రేకుల షెడ్డట, దానికి తలుపే లేదట.

తిట్టడానికి రాయడం లేదు. ఏం జరిగిందో చెప్పడానికి రాస్తున్నాను.

వేసవిలోనే ఒక భవనంలోకి జనం దిగారు. నేను మధ్యాహ్నం అత్త ఇంటికి వెళ్లాను. వాకిట్లో ఆవిడ పెరుగు ఉండలు ఎండబెట్టే తెల్లగుడ్డ లేదు. అడిగితే, ఇప్పుడు ఇక్కడ ఎండబెట్టే పని లేదురా అంది. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కాలవ మూత మీద రాళ్లు పెట్టి ఉన్నాయి, అయినా వాసన. ఆవిడ ఆ వాకిట్లో చేసి అమ్మిన ఉండలతోనే కదా తన ఇంటికి కప్పు వేసుకుంది.

నేను పైకి నడిచాను. మసీదు వెనక మ్యాన్‌హోల్ మూత తీసి చూశాను. ఒకే ఒక్క భవనంతో గొట్టం అంచు దాకా నిండి ఉంది. ఇంకా మూడు ఖాళీగా ఉన్నాయి. నేను ఇరవై ఏళ్లుగా కడుతున్నవాణ్ని, నిబాల్. గోడ వంకర కళ్లతో చూసి చెప్తాను. కానీ నేను కట్టిన ఇంట్లోంచి బయటికి పోయేది ఎక్కడికి పోతుందో ఒక్కసారి కూడా వెంట నడిచి చూడలేదు. నువ్వు కూర్చున్నచోటి నుంచే చూశావు.

అక్కడి నుంచి భవనానికి వెళ్తే మెట్ల మీద హనాన్ ఎదురైంది. నన్ను గుర్తుపట్టి, మావాడి పేరుతో పిలుస్తూ, ఇల్లు చాలా బాగుంది అబూ సైఫ్ అంది. తర్వాత గొంతు తగ్గించి, కింద వాళ్లకి ఇబ్బందిగా ఉందట, మేం ఉదయం ఒకరి తర్వాత ఒకరం నీళ్లు వాడుకుందామని మెట్ల దగ్గర మాట్లాడుకుంటున్నాం అంది. ఇల్లు కొనుక్కున్నవాళ్లు వంతులేసుకుని స్నానం చెయ్యాలా?

షాహెర్‌తో మాట్లాడాను. ఉత్తర్వు చేతిలో ఉండగా ఎందుకు కడతాం, పిచ్చా అన్నాడు. సాయంత్రం దాకా వాదించుకున్నాం. చివరికి విడిపోయాం. అకాబాలో కలిసి కట్టే గోదాములు వాడివి, కొండ మీద భవనాలు నావి. ఇక్కడ ఇంటికని ఉంచుకున్న స్థలం అమ్మేశాను. మీ వదినకి ముందే చెప్పాను. సముద్రం కనిపించే ఇల్లు కావాలని నేనెప్పుడూ అడగలేదు, నువ్వే అనేవాడివి అంది.

ఫ్లాటుకి ఒకటి చొప్పున కడతాను. కానీ నేను ఒక్కణ్ని కడితే కొత్త గొట్టం రాదు. ఉత్తర్వు పోవాలి, కొండ మీద ఇళ్లు కట్టే మిగతా వాళ్లూ ఫీజు కట్టాలి. వచ్చే నెల కౌన్సిల్ సమావేశం ఉంది. వస్తున్నాను. నువ్వు రావద్దు. వస్తే నీ కోసం చేస్తున్నానంటారు.

నీ అన్న,
ధియాబ్

*

ఐన్ సిద్ర,
సెప్టెంబరు 1996

అన్నయ్యా,

షెడ్డుకి తలుపు లేదన్నది నిజమే, కిటికీ ఉన్నదీ నిజమే. నేను అబద్ధం రాయలేదు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు నా మీద జాలితో వస్తావు. నువ్వు గొట్టం చూసి రావాలనుకున్నాను. చూశావు.

స్థలం అమ్మకముందు నన్ను అడగాల్సింది. అడిగితే వద్దనేదాన్ని, అందుకే అడగలేదని తెలుసు.

నేను రాను. ఆ రోజు కూడలిలో మొక్కలకి నీళ్లు పోయిస్తూ ఉంటాను.

నీ చెల్లెలు

*

అకాబా,
అక్టోబరు 1996

నిబాల్‌కి,

ఈపాటికి అన్నీ నీకు తెలిసే ఉంటాయి. నిన్న అక్కణ్నుంచి బయల్దేరేటప్పుడు మళ్లీ నీ కోసం నీ పాత ఆఫీసు గది తాళం తీస్తున్నారు, అది చూసే టాక్సీ ఎక్కాను.

పెద్దగా చెప్పడానికేం లేదు. నేను లేచి, ఆ ఉత్తర్వు వల్ల బాగుపడేవాళ్లలో మొదటివాణ్ని నేనే, నాకు అది వద్దు అన్నాను. కొందరు నవ్వారు. రెండు మూడు మాటలు అటూ ఇటూ అయ్యాయి. తర్వాత ఓటు పెట్టారు. ఉత్తర్వు రద్దయింది. కొత్త గొట్టం వాడ చుట్టూ తిప్పి వేస్తారు, నువ్వు గీసిన దారినే. పంపు కూడా. గొట్టం వచ్చేదాకా మిగతా మూడు భవనాల తాళాలు నేను ఎవరికీ ఇవ్వను. కొన్నవాళ్లకి విడివిడిగా చెప్పాను. ఒక సార్జెంటు నన్ను బాగా తిట్టి, తర్వాత భోజనానికి ఉంచేశాడు.

ఆరోగ్యం జాగ్రత్త. గన్నేరు మొక్కలు చూశాను. బాగున్నాయి.

నీ అన్న,
ధియాబ్

*

ఐన్ సిద్ర,
డిసెంబరు 1997

అన్నయ్యకి,

నీకు శాంతి, దేవుని దయ.

ఈ వారం ఇక్కడ ఈ చలికాలపు మొదటి పెద్ద వాన పడింది. పొద్దుణ్నుంచీ ఆగలేదు. నేను బూట్లేసుకుని కొండ మీది నుంచి లోయ దాకా కొత్త గొట్టం వెంట నడిచాను. ప్రతి మూతా తీయించి చూశాను. నీ నాలుగు భవనాల నీళ్లు, నీ తర్వాత ఫీజు కట్టి కట్టుకున్నవాళ్ల నీళ్లు, అన్నీ వాడ బయటి నుంచే హాయిగా దిగిపోతున్నాయి. పాత గొట్టంలో కింది వాడ నీళ్లే ఉన్నాయి, సగానికి లోపే.

చివరికి అత్త ఇంటికి వెళ్లాను. వాకిట్లో వాన నీళ్లు తప్ప ఇంకేం లేదు. ఆవిడ గుమ్మంలో కూర్చుని కాలవ వైపే చూస్తోంది. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ అన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇవాళ ఈ వాకిలి చూశాక నా నోరు ఆగదు, దేవుడు క్షమిస్తాడు" అని మొదలుపెట్టింది.

ఆ రోజు కౌన్సిల్ హాల్లో వెనక వరసలో కింది వాడ ఆడవాళ్లతో ఆవిడ కూర్చుందట. నువ్వు రెండు మూడు మాటలు అన్నావే, అవి ఏమిటో చెప్పింది. నువ్వు లేచి ఉత్తర్వు వద్దనగానే మేయరు వెనక్కి వాలి అడిగాడట:

"ఆడపిల్ల మాట పట్టుకుని నీ నోటి ముందు ముద్ద నువ్వే తోసేసుకుంటున్నావు. ఇంతకీ ఇక్కడికి ఎవరిగా వచ్చావు ధియాబ్? కాంట్రాక్టరుగానా?"

హాల్లో నవ్వారట. నువ్వు గుండె మీద చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా, అందరికీ వినిపించేలా అన్నావట:

"నేను నిబాల్ అన్నని."

ఆ తర్వాత నవ్వు లేదట. మన వాళ్లలో ఆ మాట ఎప్పుడు అంటారో అక్కడున్న ముసలివాళ్లందరికీ తెలుసు. తాత కాలంలో, వెనక్కి తిరగడానికి వీల్లేని చోట, గుర్రం ముందుకు దూకించే ముందు మగవాడు చెల్లెలి పేరు చెప్పుకుని అరిచేవాడు. ఆ మాట అన్నాక ఇక వాడు చావనైనా చస్తాడు, వెనక్కి మాత్రం రాడు. మునిసిపాలిటీ హాల్లో, ప్లాస్టిక్ కుర్చీల మధ్య, మురుగు కనెక్షన్ ఫీజు గురించి ఆ మాట ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. ముందు వరసలో అందరికంటే పెద్దాయన కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడట. ఆయన వెనక మరొకరు. ఓటు అప్పుడే అయిపోయింది, చేతులెత్తడం ఊరికే అంది అత్త.

నాకు రాసిన ఉత్తరంలో అది ఎందుకు వదిలేశావని అడగను. నీ ముఖం ఎలా ఉండి ఉంటుందో నాకు తెలుసు. అత్త చెబుతుంటే నేను వాన వైపు చూస్తూ ఉండిపోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

రేవులో ఆ పెద్ద ఇంజనీరు మళ్లీ కనిపిస్తే, ఆ అమ్మాయి ఎవరో చెప్పు.

ధియాబ్ చెల్లెలు,
నిబాల్